సైట్ అంతా పక్కాగానే ఉంది, గూగుల్ నుంచి మాత్రం ఎవరూ రావట్లేదా? కారణం పట్టుకుని సరిచేసుకోవడం ఎలా

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో (సైట్‌ని పరీక్షించి మార్కులిచ్చే గూగుల్ టూల్) నాలుగు పచ్చ గుండ్రాలు, సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) ఇచ్చేశారు, హెచ్‌టీటీపీఎస్ ఉంది, స్కీమా (పేజీలో ఏముందో గూగుల్‌కి విడమరిచే కోడ్) కూడా వేశారు, భూతద్దం పెట్టి వెతికినా ఒక్క ఎర్రర్ దొరకదు. డెవలపర్ "నా వైపు అన్నీ ఓకే సార్" అంటాడు, నిజంగా ఓకేనే. అయినా గూగుల్ నుంచి వచ్చేది రోజుకి నలుగురైదుగురు, అందులో ఇద్దరు మన ఇంట్లోవాళ్ళే. ఇక్కడ చాలామంది మళ్ళీ టెక్నికల్ పనిలోనే పడతారు, ఇంకో ప్లగిన్, ఇంకో క్యాషింగ్, 91 ఉన్న స్కోరుని 96 చేయడం. ఆ టైమ్‌లో సగం పెట్టినా అసలు కారణం దొరికేస్తుంది.

ముందు ఆ స్కోర్ల సంగతి చూద్దాం. ఆ పేజ్‌స్పీడ్ వెనకాల పనిచేసే లైట్‌హౌస్‌లో ఎస్ఈఓ (సెర్చ్‌లో కనిపించడానికి చేసే పని) 100 అని వస్తుంది కదా, అది మీరు పేజీలో ఏం రాశారో చదివి ఇచ్చిన మార్కు కాదు. టైటిల్ ఉందా, డిస్క్రిప్షన్ ఉందా, పేజీల్ని చదవడానికి వచ్చే గూగుల్ బాట్ రాకుండా ఏమైనా అడ్డం పెట్టారా, ఫొటోలకి ఆల్ట్ టెక్స్ట్ ఉందా, ఇలాంటివే చూస్తుంది. టైటిల్‌లో ఉత్త "హోమ్" అని ఉన్నా పాసే. స్పీడ్‌కి కూడా లెక్కలున్నాయి, మెయిన్ కంటెంట్ 2.5 సెకన్లలోపు కనపడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, పేజీ అటూ ఇటూ గెంతే స్కోరు 0.1 దాటకూడదు అని. అవి బాగుంటే మంచిదే. కానీ అడిగినదానికి సరైన జవాబు ఒక నెమ్మది పేజీలో ఉంటే దాన్నే చూపిస్తామని గూగులే రాసిపెట్టింది. ఆటోకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటే రోడ్డు మీద తిరగనిస్తారు, ప్యాసింజర్లని ఎక్కించే బాధ్యత ఆర్టీఓ ఆఫీసుది కాదుగా.

ట్రాఫిక్ అనేది ఎవరో ఫోన్లో కొట్టే మాట దగ్గర మొదలవుతుంది. కాబట్టి మనం కూడా ఆ మాట దగ్గర్నుంచే వెనక్కి రావాలి. ఉదాహరణకి ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్లో అమ్మే ఒక చిన్న సైట్ ఉందనుకుందాం. ఊహే, కానీ ఇలాంటి సైట్లు బోలెడు.

1. ఎక్కడ ఆగిపోయిందో ముందు కనుక్కోండి

గూగుల్ సెర్చ్ కన్సోల్ (మీ సైట్ సెర్చ్‌లో ఎలా ఉందో చూపే గూగుల్ టూల్) తెరిచి పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌కి వెళ్ళండి, క్లిక్స్, ఇంప్రెషన్స్ (రిజల్ట్స్‌లో ఎన్నిసార్లు కనిపించారో), సీటీఆర్ (కనిపించినవాటిలో ఎన్ని నొక్కారో), యావరేజ్ పొజిషన్ నాలుగూ టిక్ పెట్టుకోండి, డేట్ మూడు నెలలు చాలు. వెంటనే ఒక ఫిల్టర్ వేయండి, మీ షాపు పేరు ఉన్న క్వెరీలు (జనం వెతికిన మాటలు) రాకుండా. ఇది వేయకపోతే లెక్క మొత్తం తప్పుదారి పడుతుంది, ఎందుకంటే మీ పేరు కొట్టినవాళ్ళకి మీరే మొదట కనిపిస్తారు, యావరేజ్ పొజిషన్ చూస్తే 6 అని ముచ్చటగా ఉంటుంది, ఫిల్టర్ వేశాక 48 అని అసలు రంగు బయటపడుతుంది.

ఇప్పుడు మీ పరిస్థితి ఈ నాలుగిట్లో ఏదో ఒకటి అవుతుంది. పేజీ అసలు ఇండెక్స్‌లోనే (గూగుల్ దాచుకునే పేజీల జాబితాలో) లేదు. ఇండెక్స్‌లో ఉంది గానీ ఇంప్రెషన్సే లేవు. ఇంప్రెషన్స్ ఉన్నాయి, పొజిషన్ ఎక్కడో 30 తర్వాతో 50 తర్వాతో ఉంది. పొజిషన్ కూడా బానే ఉంది, ఎవరూ నొక్కట్లేదు. నాలుగిటికీ మందు ఒకటి కాదు, అందుకే ఇది తేల్చుకోకుండా ఏమీ ముట్టుకోవద్దు.

2. ఇండెక్స్‌లో లేకపోతే

పేజెస్ రిపోర్ట్‌లో "క్రాల్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అని ఉందంటే అర్థం, గూగుల్ వచ్చింది, చూసింది, ఉంచుకోబుద్ధి కాలేదు. దీనికి రోజూ రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కుతూ కూర్చుంటే ఏమీ రాదు. చాలావరకు ఇది ఒకేలాంటి పేజీల గుంపు వల్లే వస్తుంది. "హైదరాబాద్‌లో పూతరేకులు", "వరంగల్‌లో పూతరేకులు", "నెల్లూరులో పూతరేకులు" అని ఊరి పేరు మాత్రం మార్చి నలభై పేజీలు చేయిస్తారు చూడండి, అదన్నమాట. ఎవరో ఏజెన్సీవాళ్ళు ప్యాకేజీలో భాగంగా చేసిచ్చి ఉంటారు. ఇలా గుట్టలుగా పేజీలు దించడాన్ని, ఏఐతో రాయించినా మనుషులతో రాయించినా, 2024 మార్చిలో గూగుల్ స్పామ్ రూల్స్‌లో గట్టిగానే చేర్చింది. ఆ నలభైనీ తీసేసి "ఎక్కడెక్కడికి పంపుతాం, ఎన్ని రోజుల్లో చేరుతుంది, ఛార్జీ ఎంత" అని ఒక్క మంచి పేజీ పెట్టి, పాత లింకులన్నీ 301తో (శాశ్వత రీడైరెక్ట్) దానికి తిప్పండి.

3. ఇంప్రెషన్సే లేకపోతే: జనం ఏ మాటతో వెతుకుతున్నారు?

అసలు రోగం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. పేజీలో ఏం రాసి ఉంటుందంటే, "సంప్రదాయ రుచుల సమ్మేళనం, నాణ్యతే మా నమ్మకం, తరతరాల వారసత్వం". చక్కగా ఉంది. ఫోన్ తీసి గూగుల్లో "తరతరాల వారసత్వం స్వీట్" అని కొట్టేవాళ్ళు ఎవరండీ? వాళ్ళు కొట్టేది "బెల్లం పూతరేకులు ధర", "పూతరేకులు ఎన్ని రోజులు నిలవ ఉంటాయి", "పూతరేకులు అమెరికాకి పంపొచ్చా" ఇలాంటివి. ఆ మాటలు పేజీలో ఎక్కడా లేనప్పుడు గూగుల్ మాత్రం ఏం చూసి కలుపుతుంది?

పైగా మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. పూతరేకుల్ని పి తర్వాత యు పెట్టి రాసేవాళ్ళున్నారు, రెండు ఓలు పెట్టేవాళ్ళున్నారు, టీ పక్కన హెచ్ పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు. ఈ స్పెల్లింగ్ తేడాల్ని గూగుల్ చాలావరకు పట్టేస్తుంది, భయం లేదు. కానీ పేజీ మొత్తం తెలుగు లిపిలోనే ఉంటే ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికేవాళ్ళకి ఎప్పుడూ చేరుతుందని నమ్మకం లేదు. యూఆర్ఎల్‌లో, టైటిల్‌లో, మొదటి పేరాలో ఒక్కోసారి ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెట్టండి చాలు. అన్ని స్పెల్లింగులూ వరసపెట్టి పేజీ కింద పేర్చడం, మెటా కీవర్డ్స్‌లో (పేజీ కోడ్‌లో కనపడకుండా రాసే మాటల్లో) కుక్కడం వద్దు, మెటా కీవర్డ్స్‌ని ర్యాంకింగ్‌కి వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది, ఇప్పటికీ దానికి డబ్బులు తీసుకునేవాళ్ళు ఉన్నారంటే ఏమనాలి.

అఫీషియల్ పేరు వేరు, జనం నోట్లో నలిగే పేరు వేరు అయినప్పుడు కూడా ఇదే తంతు. ఎంసెట్ సంగతి చూడండి, ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది, కోచింగ్ సెంటర్ సైట్లో అంతా ఈఏపీసెట్ అనే ఉంటుంది, ఇంట్లో మాత్రం ఇంకా "ఎంసెట్ ర్యాంకు ఎంత" అనే అడుగుతారు, గూగుల్‌నీ అలాగే అడుగుతారు. రెండు పేర్లూ సహజంగా వచ్చేలా రాయాలి.

మాటలు ఎలా పోగేయాలంటే, టూల్స్ కంటే ముందు మీ వాట్సాప్ తెరవండి. కస్టమర్లు ఆర్డర్ ముందు అడిగిన ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు, వాళ్ళ మాటల్లోనే ఒక షీట్‌లోకి ఎక్కించండి. "బాక్స్‌లో ఎన్ని వస్తాయండి", "షుగర్ ఉన్నవాళ్ళకి ఏమైనా ఉందా", "కొరియర్లో పొడి అయిపోవా". తర్వాత గూగుల్లో సగం మాట కొట్టి కింద వచ్చే సజెషన్లు చూడండి, తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి. గూగుల్ ట్రెండ్స్‌లో రెండు మాటలు పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో చూడండి. ఎక్కడా అలికిడే లేకపోతే ఆ విషయాన్ని ఎవరూ వెతకట్లేదని అర్థం, దాని మీద పేజీ ఎంత బాగా కట్టినా సెర్చ్ నుంచి ఎవరూ రారు, అలాంటి వాటికి ఇన్‌స్టాగ్రామ్ రీల్ నయం.

ఇంకోటి, ధరలూ వివరాలూ అన్నీ వాట్సాప్ పోస్టర్ లాంటి ఒక బొమ్మలో పెట్టి ఆ బొమ్మనే పేజీలో వేస్తే టెస్టులన్నీ పాస్ అవుతాయి, చదవడానికి టెక్స్ట్ మాత్రం ఉండదు. యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లో డీటీపీ చేయించిన బ్రోచర్‌ని పీడీఎఫ్‌గా ఎక్కించినా అంతే. అందులో ఒక లైన్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి, పిచ్చి పిచ్చి గుర్తులు వచ్చాయంటే గూగుల్‌కి అందేదీ అదే. యూనికోడ్‌లో మళ్ళీ టైప్ చేయించుకోండి.

4. పొజిషన్ ఎక్కడో కింద ఉంటే: మీ పైన ఎవరున్నారో చూడండి

ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో, ఫోన్లో, ఆ క్వెరీ కొట్టి మొదటి పది రిజల్ట్స్ ఏ రకమో రాసుకోండి. ఉత్త "పూతరేకులు" అని కొడితే సాధారణంగా తయారీ వీడియోలు, రెసిపీలు, ఆత్రేయపురం మీద ఆర్టికల్సూ వస్తాయి, ఎందుకంటే ఆ మాట కొట్టినవాళ్ళలో ఎక్కువమంది కొనడానికి రాలేదు, అదేంటో తెలుసుకోవడానికి వచ్చారు. అక్కడ మీ "కార్ట్‌లో వేయండి" పేజీని ఎంత తోసినా పైకి రాదు. అదే "ఆన్‌లైన్", "ధర", "1 కేజీ" లాంటి మాట తగిలితే అమ్మకం పేజీలు వస్తాయి, మీ పేజీ పోటీ పడాల్సింది అక్కడ. ఒక్కో రకం వెతుకులాటకి ఒక్కో రకం పేజీ, దీన్ని మాత్రం ఎవరూ తప్పించుకోలేరు.

సరైన రకం పేజీ అయ్యుండి కూడా కిందే ఉంటే, పైవాళ్ళు చెప్పనిది మీరేం చెప్తున్నారో చూసుకోండి. పూతరేకులు చేసేవాళ్ళ దగ్గర చెప్పడానికి బోలెడు ఉంటుంది. బోర్లించిన కుండ కింద మంట, పల్చని బియ్యం పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద అలా ఒక్కసారి లాగితే రేకు ఊడి రావడం, దాన్ని ఎక్కడ తడపాలి, నెయ్యి ఎంత రాయాలి, ఇవన్నీ మీ కళ్ళ ముందే జరుగుతుంటే పేజీలో మాత్రం ఎక్కడో కాపీ కొట్టిన నాలుగు లైన్లు. మీ ఫొటోలు పెట్టండి, బాక్స్‌లో ఎన్ని, బరువెంత, బెల్లమా పంచదారా, ఎన్ని రోజులు నిలవ ఉంటాయి, విరిగితే ఏం చేస్తారు, అన్నీ అంకెలతో రాయండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, మీరు నిజంగా ఆ ఊళ్ళో చేయించేవాళ్ళయితే ఆ మాట పేజీ అడుగున దాచుకోకుండా పైనే చెప్పండి.

తర్వాత లింకులు. గూగుల్ పుట్టిందే, 1998లో, ఎవరు ఎవరికి లింక్ ఇస్తున్నారన్న లెక్క మీద. ఇప్పుడు చూసే సంగతులు చాలా ఉన్నా అది ఇంకా పోలేదు. కొత్త సైట్‌కి బయటినుంచి ఒక్క లింకూ లేకపోతే పెద్ద మార్కెట్‌ప్లేస్‌ల పక్కన నిలబడడం కష్టమే, ఎంత బాగా రాసినా. అలాగని "500 బ్యాక్‌లింక్స్" ప్యాకేజీలు కొనకండి, ఇలాంటి లింకుల ఆట కట్టించడానికే 2012లో గూగుల్ ర్యాంకింగ్‌లో పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చింది. చిన్నవాళ్ళకి దారి వేరే ఉంది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా నింపడం, మీ స్వీట్లు తీసుకునే క్యాటరర్ల సైట్లలో మీ పేరు, లోకల్ పేపర్‌వాళ్ళు మీ మీద రాస్తే వాళ్ళ వెబ్ ఎడిషన్‌లో లింక్ అడగడం, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘాలకి పంపితే వాళ్ళ ఈవెంట్ పేజీలో చోటు. మీ సైట్ లోపల కూడా చూసుకోండి, ఆ పేజీకి హోమ్ పేజీ నుంచి లింకే లేకుండా ఒక్క సైట్‌మ్యాప్‌లోనే ఉంటే మీరే దాన్ని ముఖ్యం అనుకోవట్లేదని చెప్పినట్టు.

5. పైనే ఉన్నా నొక్కకపోతే

రిజల్ట్స్ పేజీని ఫోన్లో చూడండి. యాడ్స్, మ్యాప్, వీడియోలు, వాటిపైన ఏఐ ఓవర్‌వ్యూ (గూగుల్ ఏఐ రాసిచ్చే జవాబు, మన దగ్గర 2024 ఆగస్టు నుంచి వస్తోంది), ఇవన్నీ దాటి మీరు "మూడో పొజిషన్". "పూతరేకులు ఎన్ని రోజులు నిలవ ఉంటాయి" లాంటి ప్రశ్నకి జవాబు పైనే దొరికేస్తే ఇంకెవరూ కిందకి రారు, ఆ క్లిక్స్ తిరిగి రావు, వాటి కోసం ఏడవడం అనవసరం. కొనాలని, పోల్చుకోవాలని వచ్చేవాళ్ళ మీద దృష్టి పెట్టండి.

టైటిల్ మాత్రం మన చేతిలో ఉన్నది. "హోమ్ | షాపు పేరు" తీసేసి "ఆత్రేయపురం బెల్లం పూతరేకులు, 10 బాక్స్ ధర, ఇండియా అంతా డెలివరీ" అన్నట్టు పెట్టండి. మరీ పొడుగ్గా, పేజీకి సంబంధం లేకుండా పెడితే గూగుల్ తనకి తోచింది పెట్టుకుంటుంది.

6. ఒక్కోటి మార్చండి, రాసిపెట్టుకోండి

అన్నీ ఒకే రోజు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇంప్రెషన్స్ ఎక్కువ ఉండి పొజిషన్ 8 నుంచి 20 మధ్యలో ఉన్న క్వెరీలతో మొదలుపెట్టండి, తొందరగా కదిలేవి అవే. కొన్ని మార్పులు గంటల్లో కనిపిస్తాయి, కొన్నిటికి నెలలు పడుతుంది, ఇది గూగుల్ చెప్పేమాటే, కాబట్టి వారం తిరక్కుండా మళ్ళీ కెలకొద్దు. సంక్రాంతి ఆర్డర్లు కావాలంటే పేజీ దసరాకల్లా రెడీగా ఉండాలి.

మార్చిన తేదీ, ఏం మార్చారో ఒక షీట్‌లో పెట్టుకోండి. పోల్చేటప్పుడు డిసెంబర్‌తో జనవరిని పోల్చొద్దు, పోయిన జనవరితో ఈ జనవరిని పోల్చండి, కన్సోల్‌లో 16 నెలల డేటా ఉంటుంది కాబట్టి కుదురుతుంది. లేకపోతే పండక్కి గ్రాఫ్ లేచినప్పుడు అది కొత్త టైటిల్ వల్లో పండగ వల్లో చెప్పలేక మీరూ డెవలపరూ కూర్చుని వాదించుకోవాల్సి వస్తుంది.