ల్యాప్‌టాప్‌లకు డ్రైవర్లు సిద్ధం చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

కాన్ఫిగరేషన్ మేనేజర్‌తో (ఆఫీసులోని చాలా మెషీన్లకు నెట్‌వర్క్ ద్వారా విండోస్ ఎక్కించే మైక్రోసాఫ్ట్ సాధనం) పని చేసేటప్పుడు ఒక్కో మోడల్ డ్రైవర్లను ఒక్కో ఫోల్డర్‌లో పెడతాం. ఆ మోడల్ పేరు దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. అడుగున అంటించిన స్టిక్కర్ చూసి ఫోల్డర్‌కి పేరు పెట్టకండి. మెషీన్ తన గురించి తాను చెప్పే పేరే టాస్క్ సీక్వెన్స్‌కి (విండోస్ ఎక్కించే పనులను వరుసగా నడిపించేది) లెక్క. లెనోవోలో మోడల్ అని అడిగితే ఒక కోడ్ వస్తుంది, మనకు తెలిసిన థింక్‌ప్యాడ్ పేరు వెర్షన్ గడిలో ఉంటుంది.

డ్రైవర్ సెటప్ ఈఎక్స్ఈని ఫోల్డర్‌లో అలాగే పడేస్తే పని జరగదు. విప్పి, లోపలి ఐఎన్ఎఫ్ (ఎలా ఎక్కించాలో చెప్పేది), సిస్ (అసలు డ్రైవర్), క్యాట్ (డిజిటల్ సంతకం) ఫైళ్లు మూడూ ఉన్నాయో లేదో చూడండి. క్యాట్ లేకపోతే సంతకం లేనట్టే.

విన్‌పీఈ (అసలు విండోస్ ఎక్కించడానికి ముందుగా లేచే చిన్న విండోస్) బూట్ ఇమేజ్‌లో నెట్‌వర్క్, స్టోరేజ్ డ్రైవర్లు చాలు. సౌండు, గ్రాఫిక్స్ అందులో దూర్చకండి.

స్టోరేజ్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. 11వ తరం ఇంటెల్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ (ఎస్ఎస్‌డీలను చూసుకునే ఇంటెల్ ఫీచర్) ఆన్‌లోనే వస్తుంది. దాని డ్రైవర్ లేకపోతే విన్‌పీఈకి ఎస్ఎస్‌డీ కనిపించదు. విన్‌పీఈలో ఎఫ్8 నొక్కి కమాండ్ విండో తెరిచి, డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ కొట్టండి. పెన్‌డ్రైవ్ ఒక్కటే కనిపిస్తే గొడవ ఇదే. బయోస్‌లో వీఎండీ ఆపేసి గట్టెక్కుదామనుకోకండి. తర్వాత ఎవరైనా బయోస్ రీసెట్ చేస్తే విండోస్ లేవకపోవచ్చు. ఆ అవస్థ నేను పడ్డాను.

ల్యాన్ పోర్టు లేని మోడళ్లకు ఒకే యూఎస్‌బీ డాంగిల్ మార్చి మార్చి వాడుతుంటే, దాని మ్యాక్ అడ్రస్‌ని (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో డూప్లికేట్ ఐడెంటిఫైయర్ల జాబితాలో చేర్చండి. లేదంటే రెండో ల్యాప్‌టాప్‌ని కూడా మొదటిదే అనుకుంటుంది.

చార్జర్ పెట్టే మొదలుపెట్టండి. మోడల్‌కి ఒక్క మెషీన్‌పై పూర్తిగా నడిపి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఒక్కటీ లేదని చూశాకే మిగతావి.