వివాదాస్పద కొత్త మతాలపై పరిశోధనకు బయలుదేరే ముందు

సెలవుల్లో క్షేత్ర పరిశీలనకు వెళ్లేవారు ఇవి చూసుకోండి.

• టికెట్టు, బస ఖర్చు మీదే. 1995లో టోక్యో మెట్రోపై సారిన్ విషవాయు దాడి తరువాత, ఆ దాడి చేసిన కొత్త మతసంస్థ ఓమ్ షిన్రిక్యో డబ్బుతో జపాన్ వెళ్లిన అమెరికన్ పండితులు ఆ సంస్థను వెనకేసుకొచ్చారు. మచ్చ మొత్తం రంగానికే అంటుకుంది.

• చూపించిన గదితో సరిపెట్టుకోకండి. అదే సంస్థ భవనంలో విగ్రహం చూసి పూజాస్థలమేనని చెప్పిన జపాన్ ఆచార్యుడి ఉద్యోగం పోయింది. విగ్రహం వెనుక ఉన్నది రసాయన కర్మాగారం!

• భక్తుడి వేషం వద్దు. 1954లో షికాగో ప్రాంతంలో ప్రళయం కోసం ఎదురుచూసిన బృందంలో పరిశోధకులు రహస్యంగా చేరారు. వాళ్లు అల్లిన కట్టుకథలు భక్తుల నమ్మకాన్నే పెంచాయి.

• ఆ మతం వదిలి బయటికొచ్చినవారినీ కలవండి, వారి కోపాన్ని లెక్కలో ఉంచుకుని.

• నోట్సులో అసలు పేర్లు వద్దు. కోర్టు అడిగితే ఇవ్వాల్సి రావచ్చు.