ఫైండ్ రీప్లేస్ కొట్టి జీనోమ్ మార్చలేం, ఇలా చేసి చూడండి

జీనోమ్ (ఒక జీవి డీఎన్ఏ మొత్తం) రీడిజైన్ అనగానే పెద్ద ల్యాబ్ ఉండాలేమో అనుకుంటారు, కానీ డిజైన్ పని నేర్చుకోడానికి కంప్యూటర్ చాలు. 2013లో శాస్త్రవేత్త జార్జ్ చర్చ్ టీమ్ వాళ్ళు ఈ.కోలై బ్యాక్టీరియాలో ఉన్న 321 టీఏజీ స్టాప్ కోడాన్లని (మూడు డీఎన్ఏ అక్షరాల గుర్తులు) టీఏఏగా మార్చేశారు, రెండిటి అర్థమూ "ప్రొటీన్ ఇక్కడ ఆపు" అనే కాబట్టి సెల్ హాయిగా బతికింది. అదే మనమూ స్క్రీన్ మీద చేద్దాం.

ముందు జీనోమ్‌లు దాచే ఎన్‌సీబీఐ సైట్‌లోంచి కె-12 ఎంజీ1655 అనే ఈ.కోలై రకం జెన్‌బ్యాంక్ ఫైల్ (డీఎన్ఏతో పాటు జీన్లు ఎక్కడున్నాయో కూడా ఉండే ఫైల్) దించుకోండి, 46 లక్షల డీఎన్ఏ అక్షరాలుంటాయి. టీఏజీ అని వెతికి అన్నీ మార్చేయొద్దు దయచేసి, ఎక్కడపడితే అక్కడ ఆ మూడక్షరాలు కనిపిస్తాయి, మనకి కావాల్సింది జీన్ చివర ఉన్నవే. పైథాన్ వస్తే బయోపైథాన్ అనే లైబ్రరీతో ఒక్కో సీడీఎస్ (ప్రొటీన్‌ని రాసే జీన్ భాగం) తీసి చివరి మూడక్షరాలు చూడండి, రివర్స్ స్ట్రాండ్ జీన్ (డీఎన్ఏ రెండో పోగు మీద ఎదురు దిశలో చదివేది) అయితే ఫైల్‌లో అది సీటీఏ అని ఉంటుంది, దాన్ని టీటీఏ చేయాలి.

అసలు కష్టం జీన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట. టీఏజీసీ అని ఉందనుకోండి, మొదటి జీన్‌కి టీఏజీ స్టాప్, కానీ పక్క జీన్ ఒక అక్షరం జరిపి ఏజీసీ అని చదువుతుంది, అంటే సెరీన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లో ఒక పూస). మీరు 'జీ'ని 'ఏ'గా మార్చారంటే అది ఏఏసీ అయిపోయి దాని బదులు ఆస్పరజీన్ అనే వేరే అమైనో ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. ఇంకోటి, టీఏజీజీఏజీజీ అని ఉంటే అందులోని ఏజీజీఏజీజీ తర్వాతి జీన్‌కి రైబోజోమ్ (ప్రొటీన్ తయారు చేసే యంత్రం) అతుక్కునే చోటు కావచ్చు, అదీ చెడుతుంది. ఇలాంటివి పక్కన రాసుకుని ఒక్కోటీ చేత్తోనే చూడండి, నాకైతే మొత్తం పనిలో ఇష్టమైన భాగం ఇదే.

అయ్యాక పాత ఫైల్, కొత్త ఫైల్ రెండిటిలోని జీన్లన్నీ ట్రాన్స్‌లేట్ చేసి (అంటే ప్రొటీన్లుగా మార్చి) పోల్చండి, ఒక్క తేడా కూడా ఉండకూడదు. శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ టీమ్ 2010లో పది లక్షల పైచిలుకు అక్షరాల జీనోమ్ కట్టినప్పుడు డీఎన్ఏఏ అనే జీన్‌లో ఒకే ఒక్క అక్షరం జారిపోయింది, అంతే, సెల్ లేవలేదు, ఆ తప్పు ఎక్కడుందో పట్టుకునేదాకా పని ఆగిపోయింది. అందుకే పోల్చే స్క్రిప్ట్ ముందే రాసి పెట్టుకుని ప్రతి మార్పు తర్వాతా రన్ చేయండి, చివర్లో ఒకేసారి అంటే ఎక్కడ తప్పిందో దొరకదు.