మామయ్య ఉత్తరాలు సర్దిన పద్ధతి
ముందు తీగ సంగతి చెప్పాలి. వైజాగ్ పాత పోస్టాఫీసు దగ్గర మా ఇంట్లో అమ్మమ్మ వచ్చిన ఉత్తరాన్నల్లా కొక్కెం తీగకి గుచ్చేది. 1971 యుద్ధంలో మామయ్య రాసినవీ, సెలవుకి వచ్చినప్పుడు ఆయన ట్రంకుపెట్టెలో తిరిగి తెచ్చిన అమ్మమ్మ జవాబులూ అన్నీ దానికే. ఉప్పుగాలికి తీగ తుప్పుపట్టి కాగితాన్ని కరుచుకుంది. మీ ఇంట్లోనూ అలాగే ఉంటే లాగకండి. నేను లాగి ఒకటి చింపాను. ఉత్తరానికి అటూ ఇటూ తీగని కత్తిరించి, మిగిలిన ముక్కని మెల్లిగా తిప్పుతూ తీయాలి.

ముసురు రోజుల్లో ఈ పని వద్దు. ఎండ కాసే రోజు చూసుకుని, ఫ్యాన్ ఆపి, తడిలేని చేతులతో కూర్చోండి. సెల్లోటేపు, లామినేషన్ జోలికి పోవద్దు. ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి, అడ్రసు వైపు కూడా.

అసలు తలనొప్పి వరస పెట్టడం. సగానికి తేదీలుండవు. మామయ్యవాటి మీద ఊరి పేరు కూడా లేదు, 99 ఏపీఓ (సైన్యం తపాలా కార్యాలయం) అని ముద్ర, అంతే. 'రెఫ్యూజీ రిలీఫ్' అని అచ్చేసిన 5 పైసల స్టాంపు కనబడితే 1971 నవంబరు 15 తర్వాతది. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది.

ఎవరివి వాళ్లకి వేరు కట్టలు కట్టకండి. అందిన రోజు కాదు, రాసిన రోజు ప్రకారం కలిపి పేర్చండి. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గర పేలిపోయింది. మా కిటికీలు గడగడలాడాయట. ఆ వారం ఇంటి ఉత్తరంలో "ఇక్కడ అందరం క్షేమం" అని ఉంది, కింద ఒక లైను కొట్టేసి ఉంది. అటునుంచి మామయ్యది: "నేను క్షేమం. తిండి బాగుంది. అమ్మా, నీ దగ్గు తగ్గిందా?" పక్కపక్కన పెడితేగానీ ఇద్దరి బుకాయింపూ తెలియలేదు.

కొట్టేసిన లైన్లని వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. మాదాంట్లో "కిటికీలకి నల్ల కాగితాలు అంటించాం" అని కనబడింది.

నంబర్లు పెన్సిల్‌తో మూలన వేసి, మధ్యమధ్య బటర్ పేపరు పెట్టి, అట్టపెట్టెలో సర్దండి. కలరా ఉండలు వేయొద్దు, సిలికా జెల్ పొట్లాలు చాలు. పెట్టె గోడకి ఆనకూడదు.

రాసినవాళ్లు ఉంటే వాళ్లచేతే చదివించి రికార్డు చేయండి. అమ్మమ్మకి రాయడం రాదు, ఆవిడ చెబుతుంటే అప్పుడు ఏడో క్లాసు చదివే మా అమ్మే రాసేది. ఇప్పుడు చదివిస్తే అమ్మ కొట్టేసిన లైను దగ్గర ఆగి, "ఇది నేను కొట్టలేదే, మా అమ్మ నా చెయ్యి పట్టుకుని కొట్టించింది" అంది.