వీధి పక్క ఖాళీ జాగాలో నలుగురూ కలిసి కూరగాయలు పండించడం ఎలా?

ఇంటి ప్రహరీకీ రోడ్డుకీ మధ్య మిగిలిపోయిన నేల విజయనగరం కాలనీల్లో బండి పెట్టడానికి పనికొస్తుంది, ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే ఇసుక పోసుకోవడానికి పనికొస్తుంది, మిగతా రోజుల్లో చెత్తకుప్ప. అదే జాగాలో ఐదారు ఇళ్లవాళ్లు కలిసి బెండ, వంగ, ఆనప పండించుకోవచ్చు. ఇందులో మొక్కలు పెంచడం తేలిక పనే. నీళ్లు ఎవరు పోస్తారు, కాయలు ఎవరు కోసుకుంటారు అన్న దగ్గరే ఇలాంటి తోటలు ఎండిపోతాయి. కాబట్టి విత్తనాలు కొనే ముందు ఆ రెండూ మాట్లాడుకోండి.

ముందు అనుమతి

ఆ నేల మీ గుమ్మం ఎదురుగానే ఉన్నా మీది కాదు. టౌన్‌లో అయితే నగరపాలక సంస్థది, ఊళ్లో అయితే పంచాయతీది, పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లది కావచ్చు. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏయే ఇళ్లవాళ్లు చూసుకుంటారు అన్నవి అందులో రాయండి. అడిగిన రోజున ఖాళీ చేస్తామని కూడా రాయండి. ఆక్రమణ అన్న అనుమానం ఆ ఒక్క ముక్కతోనే పోతుంది. సిమెంటు గట్లు, ఇనుప గేట్లు పెట్టకూడదనేదీ ఇందుకే.

కింద నీళ్ల పైపు, కేబుళ్లు ఎటు పోతున్నాయో అప్పుడే అడిగి తెలుసుకోండి. గునపం దిగాక తెలిస్తే వీధి మొత్తానికీ కుళాయి బంద్.

జాగా చూసుకోవడం

రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగలాలి. వీధి మలుపులో వద్దు, ఎదురొచ్చే బండి కనపడదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అసలే వద్దు. నడిచేవాళ్లకు రెండు మూడు అడుగుల దారి వదలండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి జనం వచ్చే రోడ్లలో అయితే తోట ఆలోచన మానుకోవడం మంచిది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం అక్కడ కాలు పెట్టడానికే చోటుండదు, ఇక మొక్కలెక్కడ మిగులుతాయి?

మొదటి ఏడాది పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి ఒక్కటి చాలు. మూడడుగులు దాటితే మధ్యలో మొక్కకు చెయ్యి అందక మడిని తొక్కాల్సి వస్తుంది.

మట్టి

రోడ్డు పక్క మట్టిని నమ్మకండి. అందులో కట్టుబడి రాళ్లు, గాజుపెంకులు ఎలాగూ ఉంటాయి, కంటికి కనపడనిది సీసం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో పూర్తిగా ఆగిపోయింది కానీ మట్టిలో చేరిన సీసం ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అందుకని ఉన్న నేలను అడుగు లోతు గుల్ల చేసి, చుట్టూ ఇటుకలు ఊరికే పేర్చి, పైన ఇంకో అడుగు ఎత్తున కొత్త మట్టి పోయండి. రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు), ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపితే సరిపోతుంది. కాలవలోంచి తీసి గట్టు మీద పోసిన బురద నల్లగా, బలంగా కనిపిస్తుంది. అది మాత్రం మడిలోకి రానివ్వకండి.

కొబ్బరిబొండాల బండి దగ్గర డొక్కలు ఊరికే ఇస్తారు. చీల్చి మొక్కల మధ్య బోర్లా పరిస్తే తడి ఆరదు. వెల్లకిలా పెడితే దోమల్ని పెంచినట్టే.

ఏది ఎక్కడ వేయాలి

దుమ్మూ సీసమూ ఆకుకూరలకూ దుంపలకూ పట్టినంతగా కాయలకు పట్టవు. కాబట్టి రోడ్డు వైపు బెండ, వంగ, మిరప వేసి, ఇంటి వైపు తోటకూర, బచ్చలి, గోంగూర వేయండి. గోంగూర జాతిదే అయిన గోగును పండించి జనపనార మిల్లులకు పంపిన జిల్లాలో గోంగూర లేని మడి అంటే చూసినవాళ్లు నవ్వుతారు.

జూన్‌లో తొలకరి పడ్డాక మొదలుపెట్టండి. బెండ గింజలు రాత్రి నానబెట్టి, మొక్కకూ మొక్కకూ అడుగు దూరంలో నాటండి. నలభై ఐదు, యాభై రోజుల్లో కాపుకొస్తుంది. వంగకు రెండడుగుల ఎడం కావాలి. తోటకూర నెల తిరగకుండానే కోతకొస్తుంది, చూసేవాళ్లకు తోట మీద నమ్మకం కుదిరేది దానితోనే. చీడ తగ్గుతుందని గట్టు మీద బంతి వేయమంటారు. వేయండి, కానీ దసరాకు ఒక్క పువ్వూ మీకు మిగలదు.

ఆనప, బీర పాదులకు పందిరి వేసేటప్పుడు తుఫాను గుర్తుంచుకోవాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చింది. పాదు నిండా కాయలుండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పందిరి భుజం ఎత్తు దాటకూడదు, తాడు విప్పితే కూలిపోయేలా ఉండాలి. హెచ్చరిక రాగానే కాయలు కోసేసి కర్రలు లోపల పెట్టేయండి. గాలికి లేచిన వెదురుకర్ర ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. పాదును కరెంటు స్తంభానికీ, స్టే వైరుకీ పాకించకండి.

ఆవులు, మేకలు

మన వీధుల్లో అసలు చీడ ఇదే. గోగు పుల్లలతోనో వెదురుతోనో ఛాతీ ఎత్తు తడక కట్టండి. ముళ్లకంప వద్దు, పిల్లలకూ టైర్లకూ దిగుతుంది.

పురుగుమందులు మాత్రం వాడకండి. మందు కొట్టాక కొన్నాళ్లు కోయకూడదని మీకు తెలుసు, దారిన పోతూ కాయ తెంపుకునే పిల్లాడికి తెలియదు కదా. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట చల్లండి. వంగ చివుర్లు వాలిపోతే లోపల పురుగున్నట్టే, తుంచి కాల్చేయండి. బెండ ఆకుల ఈనెలు పసుపు రంగుకు తిరిగితే ఆ మొక్కను పీకేయాల్సిందే.

నీళ్లు, కోత

కుళాయి వచ్చే కాసేపట్లో ఒకరు పైపు పెట్టి మొక్కలు తడుపుతుంటే బిందెతో నిలబడ్డవాళ్లకు ఒళ్లు మండుతుంది. తప్పు వాళ్లది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ప్రతి ఇంటివాళ్లూ ఒక బకెట్‌లో పట్టి ఉంచితే వానాకాలంలో వాటితోనే గడిచిపోతుంది. సబ్బు నీళ్లు వద్దు.

వంతులు వాట్సాప్‌లో పెడితే ఎవరూ చూడరు. కాగితం మీద రాసి ఎవరింటి గేటుకైనా కట్టండి. ఏ రోజు ఎవరు నీళ్లు పోస్తే ఆ రోజు కోత వాళ్లది అన్న నియమం నాకు అన్నిటికంటే న్యాయంగా కనిపిస్తుంది. సమానంగా పంచుదామనుకుంటే లెక్కలు, లెక్కల వెనక అలకలు. పైగా బెండకాయ రెండు రోజులు ఆగితే ముదిరిపోతుంది, అందరూ పోగయ్యేదాకా ఆగదు. ఆనపకాయ మాత్రం ఒక్కింటికి ఎక్కువ, సగం కోసి పక్కింటికి ఇవ్వాలని ముందే అనుకోండి.

వంతులో లేనివాళ్లు కూడా కోస్తారు. "వదినా, పులుసులోకి నాలుగు బెండకాయలు తెంపుకున్నాను" అని చెప్పి కోసేవాళ్లతో ఇబ్బంది లేదు. చెప్పకుండా కోసేవాళ్ల కోసం రోడ్డు వైపు వరసను వదిలేయండి, దాని మీద ఎవరూ లెక్క అడగకూడదు. వాళ్లలో ఒకరిద్దరు కొన్నాళ్లకు బకెట్‌తో వస్తే వంతుల కాగితంలో పేరు చేర్చండి.

ఏప్రిల్, మే నెలల్లో మడిని బతికించాలని పట్టుబట్టకండి. మార్చి ఆఖరుకు పాత మొక్కలు తీసేసి, వరిగడ్డి మందంగా కప్పి, మళ్లీ వానలు పడేదాకా వదిలేయండి. తడక మాత్రం విప్పకండి, విప్పితే వారం తిరక్కుండా అక్కడ ఇసుక లారీ దిగుతుంది.