ఫ్యూమ్ అనే ఇంగ్లీషు మాటని కన్ఫ్యూజ్ అవకుండా వాడటం ఎలా

చాలామందికి ఈ మాట క్లీనింగ్ బాటిల్ లేబుల్ మీద ఒకసారి, ఎవరో తమ కోపం గురించి చెప్తూ "ఐ వాజ్ ఫ్యూమింగ్" అన్నప్పుడు ఇంకోసారి కనిపిస్తుంది, రెండూ ఒకటే మాట అని మాత్రం వెంటనే తట్టదు. అది తడితే సగం పని అయిపోయినట్టే, అందుకే ముందు మూలం చెప్తాను. లాటిన్‌లో ఫ్యూమస్ అంటే పొగ. మనం వాడే ధూమం, ధూమపానం ఉన్నాయే, ఆ సంస్కృత ధూమానికి ఈ ఫ్యూమస్ దగ్గర చుట్టం, రెండూ ఒకే పాత వేరు నుంచి వచ్చాయి. పర్ఫ్యూమ్‌లో ఉన్నది కూడా ఇదే పొగ, మొదట్లో ఆ మాట సువాసన కోసం వేసే పొగకే వాడేవాళ్ళు. ఇది తెలిశాక నేనైతే ఆ మాట మళ్ళీ మర్చిపోలేదు.

ఇక కోపం సంగతి. కోపాలన్నీ ఫ్యూమ్ కాదండి, ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. గట్టిగా అరిచి ప్లేట్లు విసిరేస్తే అది ఎక్స్‌ప్లోడ్ అవ్వడం, మంట బయటికి వచ్చేసినట్టు. పెదాలు బిగించి, మొహం మాడ్చుకుని, అడిగితే "ఏం లేదు" అంటూ లోపల రగిలిపోతుంటే అదీ ఫ్యూమింగ్. నిప్పు కనపడదు, పొగ మాత్రం తెలిసిపోతుంది. మన ధుమధుమలాడటం దీనికి బాగా దగ్గర. సీథింగ్ అని ఇంకో మాట ఉంది, దాని అసలు అర్థం ఉడకడం, కాబట్టి అది మన "ఉడికిపోతున్నాడు" అన్నమాట.

వాక్యంలో పెట్టేటప్పుడు మనిషి మీద కోపమైతే ఎట్ వాడండి, విషయం మీద అయితే అబౌట్ గానీ ఓవర్ గానీ. "షి వాజ్ ఫ్యూమింగ్ ఎట్ హర్ బ్రదర్", "హి వాజ్ ఫ్యూమింగ్ ఓవర్ ద డిలే", ఇలా. "హి ఫ్యూమ్డ్ మీ" అని మాత్రం అనకండి, నాకు కోపం తెప్పించాడు అని చెప్పాలంటే దానికి "హి మేడ్ మీ యాంగ్రీ" ఉంది. కథల్లో, వార్తల్లో ఒకరి మాట రాసి చివర "హి ఫ్యూమ్డ్" అంటే మండిపడ్డాడు అని. ఆఫీసు మెయిల్‌లో మీ గురించి మీరే ఫ్యూమింగ్ అని రాసుకోవద్దు, బాగా మోటుగా ఉంటుంది.

పొగ అర్థంలో వాడితే మామూలుగా బహువచనమే, ఫ్యూమ్స్. పెయింట్ ఫ్యూమ్స్, పెట్రోల్ ఫ్యూమ్స్, బండి వెనక వచ్చే ఎగ్జాస్ట్ ఫ్యూమ్స్. కట్టె కాలితే వచ్చేది స్మోక్, ముక్కుకి ఘాటుగా తగిలి ఒంటికి చెడు చేసేది ఫ్యూమ్స్, మామూలు మాటల్లో ఈ తేడా చాలు. కానీ లేబుల్ మీద డస్ట్, ఫ్యూమ్, గ్యాస్, మిస్ట్, వేపర్ అని వరసగా ఉంటే అక్కడ ఒక్కో దానికీ వేరే అర్థం ఉంది. డస్ట్ అంటే పొడి, మిస్ట్ అంటే సన్నటి తుంపర, వేపర్ అంటే ద్రవం నుంచి లేచే ఆవిరి, ఫ్యూమ్ అంటే కరిగిన లోహం ఆవిరై మళ్ళీ చల్లబడినప్పుడు గాల్లో తేలే అతి సన్నటి గట్టి రేణువులు. వెల్డింగ్ చేసేవాళ్ళకి ఇది ప్రాణం మీది విషయం, జింక్ పూత ఉన్న ఇనుము వెల్డ్ చేసి ఆ ఫ్యూమ్ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం వస్తాయి, దాన్ని మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో వెల్డింగ్ ఫ్యూమ్స్‌ని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి లిస్టులో పెట్టింది.

ఇంట్లో చదివేవాళ్ళు ఈ ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి, లేబుల్ మీద ఈ మాట కనపడితే కిటికీలు తెరవండి, బ్లీచ్‌ని యాసిడ్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపొద్దు, కలిపితే క్లోరిన్ వస్తుంది, అమ్మోనియాతో కలిపినా విషవాయువే. వాసన రాకపోతే ఫ్యూమ్స్ లేవు అనుకోవడం కూడా తప్పు, ఎగ్జాస్ట్‌లో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు, మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్‌లో పెట్టకూడదని చెప్పేది అందుకే.

ఇంకొకటి మిగిలింది, "ఐ యామ్ రన్నింగ్ ఆన్ ఫ్యూమ్స్". ఇది విని కోపంగా ఉన్నారేమో అనుకుంటారు, కాదు. ట్యాంకులో పెట్రోల్ అయిపోయి ఉత్త ఆవిరి మీద బండి నడుస్తున్నట్టు ఒంట్లో ఓపిక అయిపోయింది అని అర్థం. సో ఎవరైనా అలా అంటే ఎవరితో గొడవైందని అడక్కండి, కాసేపు పడుకోమనండి.