కుండీలో పండ్ల చెట్టు: వేరుకు చోటు, నీటికి దారి

కుండీలో చెట్టు వాడిపోతే ఎండ ఎక్కువైందనో, ఎరువు చాల్లేదనో అనుకుంటాం. చాలాసార్లు తప్పు కంటికి కనపడని చోట, అడుగున వేళ్ల దగ్గర ఉంటుంది.

మొక్క కొనేటప్పుడు

జామ, నిమ్మ, దానిమ్మ, అంజీర కుండీకి బాగా అలవాటుపడతాయి. మామిడి కావాలంటే ఆమ్రపాలి తీసుకోండి, అది పొట్టిగా పెరిగే రకం. పనస, నేరేడు నేలకే బాగుంటాయి. పూల కోసమైతే దేవగన్నేరు, కాగితంపూలు, అడీనియం.

గింజ మొక్క వద్దు. గింజ మామిడి కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లైనా పడుతుంది. మామిడికి అంటు మొక్క (గింజ మొక్క మొదలుకి మంచి రకం కొమ్మని అతికించింది), జామకీ దానిమ్మకీ గాలి అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే వేళ్లు పుట్టించి కోసింది) తీసుకోండి. నర్సరీలో అన్నిటికంటే ఎత్తైనదాని మీద మోజు పడొద్దు. రెండు మూడు అడుగుల ఎత్తు, గట్టి కాండం ఉంటే చాలు. కవరు అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే వదిలేయండి.

అంటు కట్టిన చోట ప్లాస్టిక్ రిబ్బన్ ఇంకా ఉందేమో వేలితో తడిమి చూడండి. అంటు అతుక్కుని ఉంటే దాన్ని బ్లేడుతో నిలువుగా కోసి తీసేయాలి. మరిచిపోతే కాండం లావెక్కే కొద్దీ రిబ్బన్ బిగుసుకుంటుంది. దాని పైన ఉబ్బి, అక్కడ సన్నబడి, ఒక గాలివానకి పుటుక్కున విరుగుతుంది. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లని ఎప్పటికప్పుడు గిల్లేయాలి.

కుండీ, మట్టి

మొదటి ఏడాది 12 అంగుళాల కుండీ గానీ 20 లీటర్ల పెయింటు బకెట్ గానీ సరిపోతుంది. తర్వాత 18 అంగుళాలు, ఆపై 200 లీటర్ల డ్రమ్ముని సగానికి కోసింది. చిన్న మొక్కని నేరుగా డ్రమ్ములో పెడితే వేరు చేరని మట్టి ఆరక పులిసిపోతుంది. తడిసిన సగం డ్రమ్ము వంద కిలోలు దాటుతుంది కాబట్టి మిద్దె మీద బీము పైనే ఉంచండి.

అడుగున అర అంగుళం రంధ్రాలు ఐదారు, కింద ఇటుకలు. అడుగున కంకర పోస్తే నీళ్లు బాగా దిగుతాయన్న మాట నమ్మొద్దు. నీరు మట్టిని వదిలి కంకరలోకి తేలిగ్గా దిగదు, దాని పైనున్న మట్టిలోనే ఆగుతుంది. రంధ్రాల మీద దోమజాలి ముక్క పరిస్తే చాలు.

ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక లేదా కొబ్బరి పొట్టు ఒక పాలు, బకెట్‌కి రెండు గుప్పిళ్ల వేపపిండి. తడిపి గుప్పిట్లో పిండితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి. అడీనియంకి మాత్రం సగం గరుకు ఇసుకే ఉండాలి, లేదంటే వానాకాలంలో దుంపలా ఉబ్బిన దాని మొదలు కుళ్లుతుంది.

నర్సరీ మొక్కకి బంకమట్టి ముద్ద ఉంటే అలాగే పాతేయొద్దు. చుట్టూ వదులు మట్టి తడిసినా ఆ ముద్దలోకి నీరు దిగదు. పావుగంట నీళ్లలో నానబెట్టి, పైపొర పుల్లతో మెల్లగా విడదీసి నాటండి.

నీళ్లు

రెండు అంగుళాల లోతుకి వేలు దించండి. పొడిగా ఉంటేనే, అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయాలి. పోయగానే కారిపోతే మురిసిపోకండి. ఎండిన మట్టి కుంచించుకుపోయి కుండీ గోడ పక్కన సందు పడింది, నీరంతా అటే పోయింది. పది నిమిషాలకొకసారి కొద్దికొద్దిగా మూడు విడతలు పోయండి.

దానిమ్మని ఎండబెట్టి ఒక్కసారిగా ముంచెత్తితే కాయ పగులుతుంది. దాని పూలు రాలుతున్నాయని కంగారొద్దు. అడుగు సన్నగా గంటలా ఉన్నవి ఎలాగూ రాలతాయి. అడుగు కుండలా ఉబ్బినవే కాయలవుతాయి.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే లేత ఆకులు పసుపురంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం. అలాంటి కుండీలో బూడిద వేయొద్దు. ముందు పాత ఆకులు పండుబారితే నత్రజని లోటు, రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేయండి.

కత్తిరింపు

జామ కొత్త కొమ్మకే కాస్తుంది, కాపు అయ్యాక కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. మామిడిని కోత ముగిసిన వెంటనే కత్తిరించాలి. ఆలస్యమైతే చిగురు ముదరక పూత రాదు.

రెండు మూడేళ్లకి వేరు కత్తిరింపు తప్పదు. తొలకరి వానలు పడ్డాక, మబ్బు రోజున చెట్టుని బయటికి లాగండి. చుట్టూ, అడుగున అంగుళం మందాన వేళ్లని పదునైన కత్తితో కోసి, నల్లబడి మెత్తగా ఉన్నవి తీసేయండి. వేరు తగ్గినంత మేర కొమ్మలూ తగ్గించి, కొత్త మట్టితో అదే కుండీలో నాటండి. పది రోజులు నీడలో ఉంచి, కొత్త చిగురు వేలెడంత అయ్యాకే ఎరువు వేయండి.